సగంలో ఆగిన వీడియో

ఈ పుటలలో ఇంతవరకు మధుమేహం, రక్తపోటు, వడదెబ్బ, తాగునీటిలో ఫ్లోరైడు వంటి విషయాలను గురించి రాస్తూ వచ్చాను. ఈసారి నా పొరపాటు ఒకదాన్ని గురించి రాయవలసి వచ్చింది. అనంతపురం జిల్లా ప్రభుత్వ ఆసుపత్రులలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ పొందిన నేను, పదిమందికి మేలు కలుగుతుందన్న తలంపుతో ఒక వీడియో చేశాను. దానివల్ల ఒక రైతు కాలికి చేటు కలిగింది. అందులో నేను చెప్పిన మాటలలో తప్పు లేదు. అయితే అసలు మాట వినబడకముందే వీడియో ఆగిపోయింది.

మాది కరవు నేల. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ వేళకు కురిస్తేనే. ముంగారు వానలకు వేరుశనగ విత్తి, కార్తీకం నాటికి చెట్టు పెరికి, పొలంలోనే కుప్పలు వేస్తారు. కుప్పల కింద గింజల కోసం ఎలుకలు చేరతాయి. ఎలుకల కోసం పాములు చేరతాయి. సాయంత్రం మసక వెలుతురులో, చెప్పులైనా లేని కాళ్లతో కట్టె ఎత్తే రైతును కాటు వేసేది ఎక్కువగా రక్తపింజర, చిన్న పింజర. వానాకాలంలో నేలమీద పడుకున్నవారిని నిద్రలో కరిచేది కట్లపాము. వీటికి నాగుపామును కలిపితే, మన దేశంలో అత్యధిక మరణాలకు కారణమైన నాలుగు పాములు ఇవే. 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58,000 మంది మరణించారని పరిశోధకులు అంచనా కట్టారు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధులలో అగ్రశ్రేణిలో చేర్చింది.

ఉద్యోగ జీవితమంతా ఈ కాట్లను చూసినవాడిని గనుక, పదవీ విరమణ తరువాత మొదటగా చేయవలసిన వీడియో ఇదేనని తోచింది. ఇంజనీరింగ్ చదువుతున్న మా మనుమడు ఫోనుతో చిత్రీకరించాడు. నిడివి ఐదు నిమిషాలు. దానిని ఇంటర్నెట్‌లో ఎక్కించి, దాని లింకును తెలిసిన పల్లెల వాట్సాప్ గ్రూపులకు పంపాను. ఎంతోమంది చేతులు జోడించిన బొమ్మలు తిరిగి పంపారు. నా కర్తవ్యం నెరవేరిందని తృప్తి చెందాను.

పూర్వపక్షం దగ్గరే ఆగిన పాఠం

సంక్రాంతి వెళ్లిన పది రోజులకు కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి ఒక రైతు, ఇంటర్ చదివే అతని కొడుకు మా ఇంటికి వచ్చారు. తండ్రి ఎడమకాలికి పట్టీ ఉంది. చిటికెనవేలు తీసివేశారు. మడమకు పైన తొడ చర్మం అతికించిన మచ్చ ఇంకా పచ్చిగానే ఉంది. నవంబరు నెలలో కుప్ప ఎత్తుతుండగా రక్తపింజర కరిచిందట. పుండు ఎంతవరకు మానిందో చూపించుకుందామని వచ్చారు.

చూస్తూ చూస్తూ పిక్క మీద చుట్టూ ఉన్న నల్లని వలయం దగ్గర నా చేయి ఆగింది. గట్టిగా బిగించిన కట్టు మిగిల్చిన గుర్తు అది. "దీన్ని ఎవరు కట్టారు నాయనా?" అని అడిగాను.

"నేనే సార్. మీరు చూపించినట్లే కట్టినాను," అన్నాడు ఆ అబ్బాయి, ఎంతో వినయంగా.

నాకు వెంటనే అర్థం కాలేదు. కట్టు కట్టరాదని చెప్పడానికే గదా ఆ వీడియో చేసింది! అబ్బాయి ఫోను తీసి నా ముందే వీడియో పెట్టాడు. మొదటి నిమిషం పాటు నేను నమస్కారాలు, నా పరిచయం, జిల్లా పరిస్థితి చెప్పాను. ఆ తరువాత మా మనుమడి కాలిని బల్లమీద పెట్టి, తువ్వాలు చుట్టి, కర్రపుల్ల దూర్చి మెలితిప్పుతూ, "మన పల్లెల్లో పాము కరిస్తే ఇలా కడతారు, ఇలా బిగిస్తే విషం పైకి ఎక్కదంటారు" అని వివరించాను. ఒక నిమిషం 42 సెకన్ల దగ్గర అబ్బాయి వేలు పెట్టి చూపాడు. "ఈడికి నిల్చిపోయ సార్. సున్నా మాదిరి తిరుగుతానే ఉండె."

మా ఇంటి వైఫైలో మాత్రం అది నిలిచిపోలేదు. అదే మొదటిసారిగా ఆ అబ్బాయి ఎదుట వీడియో ముందుకు సాగింది. "కానీ ఇది చాలా ప్రమాదకరం. ఎట్టి పరిస్థితుల్లోనూ ఇలా కట్టకూడదు" అని తెరమీద నేనే చెబుతున్నాను. ఆ అబ్బాయి తండ్రి కాలివైపు చూడలేదు. నేలవైపు చూశాడు.

ఆ సాయంత్రం జరిగింది ఇది. తండ్రి కేక విని కొడుకు పొలానికి పరుగెత్తాడు. డాక్టరు గారి వీడియో ఉందన్న సంగతి గుర్తుకు వచ్చింది. తెరిచాడు. డాక్టరు గారు కడుతున్నారు గనుక తానూ కట్టాడు. తరువాత ఏం చేయాలో చెబుతారని చక్రం తిరగడం ఆగేదాకా ఎదురుచూశాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. చివరకు వాళ్ల అవ్వ వచ్చి, "ఆ బొమ్మ కదిలేదాక మీ నాయన ఉంటాడేమిరా? లెయ్, బండి పిలువు!" అని గద్దించింది. అక్షరం రాని ఆ అవ్వ మాటే ఆ రోజు వైద్యశాస్త్రానికి సరిపోయింది.

కట్టు ఎందుకు చేటో చెప్పాలి. బిగించిన కట్టుకు దిగువన రక్తప్రసారం నిలిచిపోతుంది. పింజర విషం కాటు చుట్టూ ఉన్న కండను, చర్మాన్ని అసలే కుళ్లబెడుతుంది. ఆ విషాన్ని ఒకేచోట బంధించి, పైగా రక్తం అందకుండా చేస్తే నష్టం మరింత పెరుగుతుంది. కట్టును ఒక్కసారిగా విప్పితే నిలిచిన విషం ఉప్పెనలా ఒంట్లోకి వ్యాపించే ముప్పు ఉంది. అందుకే ఎవరైనా అప్పటికే కట్టి ఉంటే దారిలో తెంచివేయక, ఆసుపత్రిలో వైద్యుల సమక్షంలో విప్పాలి. ఈ రైతు కాలికి కలిగిన నష్టంలో విషం పాలు ఎంత, కట్టు పాలు ఎంత అని తూచి చెప్పడం సాధ్యం కాదు. కొంత పాలు కట్టుదేనని మాత్రం ఆ నల్లని వలయం సాక్ష్యం చెబుతున్నది. ఇరవై నిమిషాలన్నది మా వైద్యులకు బాగా తెలిసిన లెక్క. పింజర కాటు అనుమానం ఉంటే పొడి గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి, కదల్చకుండా ఇరవై నిమిషాలు ఉంచుతాం. గడ్డకట్టకపోతే విషం రక్తాన్ని చెరిచిందని నిర్ధారించి విరుగుడు మందు మొదలుపెడతాం. ఆ పరీక్షకు సరిపడే కాలం పొలం గట్టుమీద ఒక చక్రాన్ని చూడడంలో కరిగిపోయింది.

మన శాస్త్రకారులు ముందు పూర్వపక్షం చెప్పి, తరువాత దాన్ని ఖండించి, సిద్ధాంతాన్ని నిలబెట్టేవారు. వైద్య కళాశాలలో మా గురువులు బోధించిన పద్ధతీ అదే. ముందు తప్పు చూపి, తరువాత ఒప్పు చెప్పేవారు. తరగతి గదిలో అది చక్కని పద్ధతి; విద్యార్థి గంట కొట్టేదాకా కూర్చుంటాడు. పొలంలో ఉన్న ఫోను అట్లా కూర్చోదు. నా వీడియో పూర్వపక్షం దగ్గరే ఆగిపోయింది. సిద్ధాంతం మా ఇంటి వైఫై దాకా వచ్చినవారికే అందింది.

వెళ్లేముందు ఆ రైతు నాతో, "వాన్ది తప్పు ల్యా సార్, మీదీ తప్పు ల్యా. ఆ సెల్లుది," అన్నాడు. ఆ ఔదార్యం నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. రోగి మరణానికి కారణం తెలియకపోతే శవపరీక్ష చేస్తాం. ఈ వీడియో ఎందుకు ఆగిందో తెలుసుకోకుండా ఊరుకోవడం ధర్మం కాదనిపించింది. తరువాతి ఆదివారం మనుమణ్ణి వెంటబెట్టుకుని ఆ పల్లెకు వెళ్లాను.

ఫోనుకు రోగపరీక్ష

నాకు సాంకేతిక విద్య తెలియదు. రోగిని పరీక్షించడం తెలుసు. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం చేస్తే తగ్గుతుంది అని అడిగినట్లే, వీడియో సరిగా నడవనప్పుడు మూడు ప్రశ్నలు అడగవచ్చునని ఆ రోజు గ్రహించాను.

ఒకటి: ఈ ఒక్క వీడియోనే ఆగుతున్నదా, అన్నీ ఆగుతున్నాయా? మిగిలినవన్నీ నడిచి ఇదొక్కటే ఆగితే లోపం వీడియోలో ఉంది. రెండు: ఈ ఫోనులోనే ఆగుతున్నదా, పక్కవారి ఫోనులోనూ ఆగుతున్నదా? పక్క ఫోనులో నడిస్తే లోపం మన ఫోనుదో, మన సిమ్ముదో. మూడు: ఈ చోటనే ఆగుతున్నదా, మరోచోటికి వెళ్తే నడుస్తున్నదా? నడిస్తే లోపం సిగ్నలుది. ఈ మూడింటికి జవాబు దొరికితే సగం నిర్ధారణ అయినట్లే.

ఆ పల్లెకు టవరు ఉన్నది గుట్టకు ఆవల. మా జిల్లా గుట్టలన్నీ బండరాళ్ల రాశులు. వాటి నీడలో సిగ్నలు పలచబడుతుంది. పల్లెవారికి ఆ సంగతి తెలుసు. ముఖ్యమైన ఫోను వస్తే గుడి వెనుక మిట్టకు నడుస్తారు. ఆ మిట్టమీద అబ్బాయి ఫోనులో వీడియో బాగానే నడిచింది. అయితే కాటు పడిన సాయంత్రం పొలంలో ఒక నిమిషం 42 సెకన్ల దాకా కూడా బాగానే నడిచింది గదా, హఠాత్తుగా ఎందుకు ఆగింది? ఈ చిక్కును మా మనుమడు విప్పాడు. ఆ రోజు వచ్చిన సందేశాలను వెదికితే, సరిగ్గా సాయంత్రం ఆరు గంటల 52 నిమిషాలకు "ఈనాటి డేటా పూర్తిగా వాడుకున్నారు" అన్న సందేశం కనిపించింది. పగలంతా అబ్బాయి క్రికెట్ చూశాడు. వీడియో నడుస్తుండగానే ఆనాటి కోటా తీరిపోయింది.

కోటా తీరితే ఇంటర్నెట్ పూర్తిగా పోదు; అక్కడే మోసపోతాం. చాలా ప్యాకులలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు ఎనిమిది కిలోబైట్లు. నా వీడియో అధిక స్పష్టతలో మొత్తం సుమారు 60 ఎంబీ. మిగిలిన భాగం 40 ఎంబీ. ఆ వేగంతో అది చేరడానికి ఎనభై నిమిషాలకు పైగా పడుతుంది. చక్రం తిరుగుతూ ఉంటే వస్తున్నదని భ్రమ కలుగుతుంది. పైపు చివర చుక్క చుక్కగా కారే నీటికి బిందె పెట్టి కూర్చున్నట్లే అది. ఆ అబ్బాయి ఎనభై నిమిషాలు కూర్చోలేదు, అంతవరకు అదృష్టం.

దీనికి చేయవలసినవి: వీడియో ఆగగానే ముందు డేటా మిగిలి ఉందో లేదో చూడండి. తెర అంచున చక్రం గుర్తో, మూడు చుక్కలో నొక్కితే క్వాలిటీ అని వస్తుంది. దాన్ని 144కో 240కో తగ్గించండి. బొమ్మ మసకబారుతుంది, మాట వినబడుతుంది. ఆపదలో మాటే ముఖ్యం. కోటా ఉన్నా నడవకపోతే విమానం గుర్తు నొక్కి, పది సెకన్లు ఆగి, మళ్లీ తీసేయండి. ఫోను టవరుతో కొత్తగా కలుస్తుంది. సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఊరంతా ఫోను చూస్తుంది గనుక టవరు మీద భారం ఎక్కువ. ముఖ్యమైన వీడియోలను తెల్లవారుజామునే దించుకుని ఉంచుకోవడం మేలు.

రచ్చకట్ట మీద ఔట్‌పేషెంట్ విభాగం

మేము వచ్చిన పని తెలిసి, రచ్చకట్ట దగ్గర పదిహేనుమంది దాకా ఫోనులతో గుమికూడారు. నా ఉద్యోగకాలపు ఉదయం ఓపీ గుర్తుకు వచ్చింది. ఒక్కొక్కరిది ఒక్కొక్క ఉపద్రవం.

ఒక పెద్దాయన ఫోనులో ఏ వీడియో దిగడం లేదు. తెరిచి చూస్తే మూడేళ్లుగా వచ్చిన శుభోదయం బొమ్మలు, పండుగ శుభాకాంక్షల వీడియోలతో జాగా నిండిపోయింది. గాదె నిండిన తరువాత కొత్త గింజ ఎక్కడ పోస్తాం? సెట్టింగులలో స్టోరేజీ అన్నచోట చూసి, పాత వీడియోలు తీసివేస్తే కొత్తవి దిగుతాయి. వాట్సాప్‌లో వచ్చినవన్నీ తమంతట తామే దిగే ఏర్పాటును ఆపివేస్తే జాగా, డేటా రెండూ మిగులుతాయి.

ఒక ఆశా కార్యకర్త ఫోనులో శబ్దం వస్తున్నది, బొమ్మ నల్లగా ఉన్నది. కొన్ని కొత్త ఫోనులు జాగా ఆదా చేయడానికి హెచ్‌ఈవీసీ అనే కొత్త పద్ధతిలో వీడియో తీస్తాయి; పాత ఫోనులు దానిని చదవలేవు. కొత్త లిపిలో రాసిన ఉత్తరం వంటిది. చూసేవారు దీనికి చేయగలిగింది తక్కువ. పంపినవారే ఎక్కువ ఫోనులలో నడిచే పాత పద్ధతిలో, అంటే హెచ్.264లో, మార్చి పంపాలి. నేను అడగకుండానే మా మనుమడు తన ఫోను కెమెరా సెట్టింగును మార్చుకున్నాడు.

ఇంకొకరికి బొమ్మ కదులుతున్నది, మాట లేదు. బ్లూటూత్ తెరిచే ఉంది. మాట పక్కింట్లో ఉన్న కొడుకు చెవిలోని ఇయర్‌బడ్‌లోకి పోతున్నది! అందరూ నవ్వారు. శబ్దం రానప్పుడు బ్లూటూత్ ఆపి, వీడియో నడుస్తుండగా శబ్దం మీట పెంచి చూడాలి.

ఒకరి ఫోనులో ఏ పేజీ తెరిచినా "కనెక్షన్ సురక్షితం కాదు" అని వస్తున్నది. బ్యాటరీ మార్చినప్పుడు తేదీ ఏనాటికో వెళ్లిపోయింది. ఫోనుకు తేదీ తప్పితే అవతలివారి గుర్తింపు పత్రం చెల్లదనుకుని తలుపు తీయదు. తేదీ, సమయం ఆటోమేటిక్‌గా ఉంచితే చాలు. ఇంకొకరిది పాతబడిన యాప్. ప్లే స్టోరులో అప్‌డేట్ చేయగానే నడిచింది.

ఒక కూలీ ఫోను ఎండలో గట్టుమీద పెట్టడంవల్ల నిప్పుముక్కలా కాలుతున్నది. మనిషికి వడదెబ్బ తగిలినట్లే ఫోనుకూ తగులుతుంది. వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. నీడలో పెట్టి కాసేపు వదిలేయాలి. త్వరగా చల్లారుతుందని ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల తేమ చేరుతుంది.

చివరగా, నేను భయపడిన వ్యాధి ఒకటి కనిపించింది. ఒక యువకుడి ఫోనులో "ఈ వీడియో చూడాలంటే ముందు ఈ ప్లేయరు ఎక్కించుకోండి" అని ఒక ప్రకటన వచ్చింది. ఏపీకే అన్న ఫైలు ఒకటి అప్పటికే దిగి ఉంది. అదృష్టవశాత్తు ఇంకా తెరవలేదు. ఇటువంటివి బ్యాంకు సందేశాలను దొంగిలించే సాధనాలు కావచ్చు. ఏ మంచి వీడియో చూడడానికీ ముక్కూమొహం తెలియనిచోటు నుంచి వచ్చిన ఫైలును ఎక్కించుకోవలసిన అవసరం లేదు. వీడియో నడవకపోతే పోయేది ఒక పాఠం. ఇది ఎక్కితే పోయేది పంట రుణం.

మిగిలింది చెప్పేవాడు

తిరుగు ప్రయాణంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరిన కొత్తలో చూసిన ఒక దృశ్యం జ్ఞాపకం వచ్చింది. ఆరోగ్యశాఖ బండి ఊరికి వచ్చేది. బడి గోడకు తెల్లగుడ్డ కట్టి, ప్రొజెక్టరుతో చిత్రం వేసేవారు. ఒక రాత్రి వాంతులు, విరేచనాల గురించిన చిత్రం నడుస్తుండగా, నీళ్లకోసం ఏడుస్తున్న పసివాడి బొమ్మ దగ్గర రీలు తెగింది. ఆపరేటరు అతికిస్తున్నంతసేపు చీకటిలో తల్లుల గుసగుసలు వినబడ్డాయి. విరేచనాలైతే నీళ్లు పట్టకూడదన్నది అప్పటి నమ్మకం. నేను లేచి తెర ముందు నిలబడి, కాచి చల్లార్చిన నీటిలో ఉప్పు, చక్కెర ఎంతెంత కలపాలో, గుక్క గుక్కగా ఎలా పట్టాలో చెప్పాను. రీలు అతికేసరికి పాఠం పూర్తయింది.

1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు ప్రసారం చేసిన 'సైట్' ప్రయోగంలోనూ ఊరికి ఒక టీవీ పెట్టి ఊరుకోలేదు. చెడితే బాగుచేసే మనుషులను కూడా ఏర్పాటు చేశారు. యంత్రం ఆగుతుందన్నది ముందే ఊహించిన విషయం. ఆగినప్పుడు పక్కన మనిషి ఉండడమే ఏర్పాటు.

నా వీడియో చేరిన పొలంగట్టు మీద ఆ మనిషి లేడు. నేను చెప్పాల్సింది చెప్పి ఇంట్లో కూర్చున్నాను. అది నా రెండవ పొరపాటు.

ఆ వారంలోనే పాత వీడియోను తీసివేసి కొత్తది చేశాం. నమస్కారాలు లేవు, పరిచయం లేదు. తప్పు పద్ధతిని చూపనే లేదు. మొదటి వాక్యమే ఇది: "పాము కరిస్తే కట్టు కట్టవద్దు, కాలు కదలనీయకుండా ఉంచి వెంటనే 108కి ఫోన్ చేయండి." ఎక్కడ ఆగినా అప్పటికే అందిన మాట పనికివచ్చేటట్లు వరుస పేర్చాం. మాట వినబడకపోతే చదువుకోవడానికి పెద్ద అక్షరాలు, బొమ్మ రాకపోతే వినడానికి స్పష్టమైన మాట ఉంచాం. నిడివి 45 సెకన్లు, బరువు మూడు ఎంబీలు. లింకుగా కాక ఫైలుగానే పంపాం. ఒకసారి దించుకుంటే సిగ్నలు లేకపోయినా నడుస్తుంది. అదే మాటను శబ్దంగా మాత్రమే మరొక ఫైలు చేశాం. అది 200 కిలోబైట్లకు లోపు; కోటా తీరిన ఫోనుకు కూడా పాతిక సెకన్లలో చేరుతుంది. ఇవేవీ లేనివారికోసం బడి గోడమీద, పాల కేంద్రం గోడమీద ఒక పటం అంటించాం.

ఆ 45 సెకన్ల మాట ఇక్కడ కూడా రాస్తున్నాను. కరిచినవారికి ధైర్యం చెప్పి, పాముకు దూరంగా జరపండి. మెట్టెలు, కడియాలు, ఉంగరాలు వాపు రాకముందే తీయండి. విరిగిన కాలికి కట్టినట్లు బద్దలు పెట్టి, బిగించకుండా వదులుగా కట్టి, కదలనీయకండి. నడిపించకండి, మోసుకు వెళ్లండి. కోయకండి, నోటితో పీల్చకండి, పసరు పోయకండి, మంత్రానికని ఆగకండి. పామును వెతికి చంపడానికి సమయం వృథా చేయకండి. ఈ నాలుగు పాములకూ ఇచ్చే విరుగుడు మందు ఒకటే. కట్లపాము కాటులో నొప్పి, వాపు ఉండకపోవచ్చు. నేలమీద పడుకున్నవారికి తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే కాటు గుర్తు లేకపోయినా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఇంకొక్క మాట. ఆపద వచ్చిన తరువాత వీడియో తెరవకండి. ఫోను చేతిలో ఉంటే మొదట నొక్కవలసింది మూడు అంకెలు: ఒకటి, సున్న, ఎనిమిది. డేటా అయిపోయినా ఆ పిలుపు వెళ్తుంది. వీడియో చూడవలసింది ఆపద రాని రోజున, తీరిక వేళ, ఇంటిల్లిపాదీ కూర్చుని.

ఉగాదికి ముందు మళ్లీ ఆ పల్లెకు వెళ్లాను. రచ్చకట్ట మీద కొత్త వీడియో పెట్టాం. పదిహేనవ సెకను దగ్గర నేనే కావాలని వేలితో ఆపాను. "ఆగిపోయింది. మిగిలింది ఎవరు చెబుతారు?" అని అడిగాను. కాసేపు ఎవరూ పలకలేదు. వెనుక నిలబడిన ఆ అబ్బాయి ముందుకు వచ్చి, తండ్రి పక్కన కూర్చుని, ఆయన కాలుమీద చేయి ఆనించి, బద్దలు ఎక్కడ పెట్టాలో, కట్టు ఎంత వదులుగా ఉండాలో చూపిస్తూ చివరిదాకా చెప్పాడు. ఒక్క మాట కూడా తప్పలేదు. తరువాత ఒక ముసలామె, ఆమె తరువాత ఆశా కార్యకర్త చెప్పారు. అబ్బాయి వాళ్ల అవ్వ మాత్రం, "నేను అప్పుడే చెప్పితి గదా!" అంది. నిజమే, ఆమె అప్పుడే చెప్పింది.

ఇది చదివినవారు ఈ పూట ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దవారి ఫోను ఒకసారి చేతిలోకి తీసుకుని, తేదీ సరిగా ఉందో, జాగా ఉందో, శబ్దం వస్తున్నదో చూడండి. ఆ తరువాత వారి పక్కన కూర్చుని, వీడియో ఆపివేసి, మిగిలింది చెప్పించండి.